పటమటలో ఒక పాత మేడకు డక్టులు లేని ఏసీ: గదుల లెక్క, గంటల లెక్క

విజయవాడ పటమటలోని ఒక రెండంతస్తుల ఇంటికి ఏసీ ఏర్పాటు ఎలా ఉండాలో లెక్క కట్టి, పని దగ్గరుండి చేయించిన వివరాలు ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు 1990లలో కట్టినది. గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. పైకప్పు ఐదు అంగుళాల కాంక్రీటు స్లాబు. దాని మీద పలుచని సిమెంటు గచ్చు తప్ప ఎండ వేడిని ఆపే పొర ఏదీ లేదు. కింద హాలు, వంటిల్లు, ఇంటి పెద్దలైన వృద్ధ దంపతుల పడకగది ఉన్నాయి. పైన వారి కొడుకు, కోడలు ఉండే గది, పిల్లలిద్దరి గది ఉన్నాయి. ఇంటికి మరమ్మతులు మొదలుపెట్టినప్పుడు అలంకరణ పని చూస్తున్న డిజైనర్ ఇల్లంతటికీ కలిపి 8.5 టన్నుల (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత టన్ను) డక్టబుల్ ఏసీ పెట్టి, ఫాల్స్ సీలింగ్ లోపల డక్టులు నడిపితే గోడల మీద యూనిట్లు కనిపించకుండా అందంగా ఉంటుందని సూచించారు. ఖర్చు పెట్టడానికి కుటుంబం వెనుకాడలేదు. కానీ ఆ ఏర్పాటు తమ ఇంటికి నప్పుతుందా అన్న సందేహంతో నన్ను పిలిచారు.

డక్టబుల్ ఏసీలో గాలిని చల్లబరిచే యంత్రం ఒకచోట ఉంటుంది. అక్కడి నుంచి చల్లని గాలిని రేకు గొట్టాల ద్వారా గదులకు పంపుతారు. డక్టులు లేని పద్ధతిలో గాలి ప్రయాణించదు. వేలి లావు రాగి పైపుల్లో గ్యాస్ ప్రయాణించి, ఏ గది గాలిని ఆ గదిలోనే చల్లబరుస్తుంది. మన ఇళ్లలో గోడకు కనిపించే స్ప్లిట్ ఏసీ ఇదే. అందరి ఇళ్లలోనూ ఉన్నది కాబట్టి దీన్ని తక్కువ రకంగా, డక్టబుల్‌ను దానికంటే పై మెట్టుగా చూసే అలవాటు కొందరిలో ఉంది. పెద్ద హోటల్ హాలుకూ కల్యాణ మండపానికీ డక్టబుల్ సరైనదే. నివాస గృహానికి వచ్చేసరికి చాలా సందర్భాల్లో స్ప్లిట్ ఏసీయే మెరుగైన ఇంజనీరింగ్ అని నా గట్టి అభిప్రాయం. ఈ ఇంటి విషయంలో అలా ఎందుకు చెప్పానో వివరిస్తాను.

ఇంట్లో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ

గదుల కొలతలు తీయడానికి ముందే ఇంటివాళ్లతో కూర్చుని ఏ గదిలో ఎవరు ఏ వేళ ఉంటారో రాసుకున్నాను. పెద్దలు మధ్యాహ్నం భోజనం చేసి నాలుగింటి దాకా తమ గదిలో పడుకుంటారు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోతారు. పిల్లలు సాయంత్రం తమ గదిలో చదువుకుని అక్కడే పడుకుంటారు. కొడుకు వ్యాపారం ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి పదవుతుంది. హాలులో భోజనాల వేళ తప్ప, లేదా చుట్టాలు వచ్చినప్పుడు తప్ప, పగలంతా ఎవరూ ఉండరు. ఈ మాటలు నడుస్తుండగా ఇంటి పెద్దాయన అడిగిన ప్రశ్నే ఈ కేసులో అసలు విషయం. "బాబూ, నాకూ మా ఆవిడకూ తెల్లవారుజామున చలి పడదు, కీళ్లు పట్టేస్తాయి. పిల్లలకేమో పద్దెనిమిదిలో పెడితే గానీ నిద్ర పట్టదు. ఒకే మిషను ఇద్దరికీ ఎలా సర్దుతుంది?"

సర్దదు. డక్టుల్లో మోటారుతో తెరుచుకునే గాలి తలుపులు (డ్యాంపర్లు) పెట్టి గదికొక థర్మోస్టాట్ అమర్చవచ్చు. అయితే మిగతా గదులు మూసి మధ్యాహ్నం పెద్దల గదికి మాత్రమే చల్లదనం పంపాలంటే 8.5 టన్నుల యంత్రాన్ని ముక్కాలు టన్ను అవసరానికి నడపాలి. ఒకే వేగంతో తిరిగే కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి పైపుల్లో తిప్పే భాగం) అయితే అది నిమిషాల్లో ఆగిపోతూ మళ్లీ మొదలవుతూ ఉంటుంది. మూసిన డక్టుల్లో గాలి ఒత్తిడి పెరిగి శబ్దం వస్తుంది. ఈ ఇబ్బందులకు మందులు లేకపోలేదు. ఆ మందులన్నీ కొన్నాక వచ్చే ఫలితం, గదికొక స్ప్లిట్ ఏసీ మొదటి రోజు నుంచే ఇచ్చే ఫలితమే. ఇల్లు ఒకేసారి, ఒకే తీరుగా నివసించే చోటు కాదు. మనుషులు గది మారినప్పుడు చల్లదనం కూడా గది మారగలగడమే డక్టులు లేని ఏసీ ఇచ్చే మొదటి ప్రయోజనం.

స్లాబు కింద ఎంత వేడి

పై అంతస్తులో కొడుకు గది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. ఒక గోడ పడమటి వైపు ఉంది, అందులో అయిదడుగుల కిటికీ ఉంది. ఈ కొలతలు చెబితే దుకాణంలో ఆలోచించకుండా ఒకటిన్నర టన్ను అంటారు. మే నెల సాయంత్రానికి నేను కట్టిన లెక్క ఇది: పైకప్పు నుంచి సుమారు 1,100 వాట్లు, పడమటి కిటికీ అద్దం నుంచి 600, గోడల నుంచి 600, ఇద్దరు మనుషుల నుంచి 250, ఫ్యాను, దీపాలు, టీవీ నుంచి 200, తలుపు సందుల్లోంచి వచ్చే బయటి గాలి నుంచి 450. మొత్తం 3,200 వాట్లు. ఒక టన్ను అంటే 3,517 వాట్లు కాబట్టి, ఏమీ మార్చకపోయినా ఈ గదికి ఒక టన్ను లోపే సరిపోతుంది.

ఆ మొత్తంలో మూడో వంతు పైకప్పుదే కావడం గమనించదగినది. స్లాబు పగలంతా ఎండను తాగి, కొన్ని గంటల ఆలస్యంతో లోపలికి వదులుతుంది. అందుకే రోహిణి కార్తెలో రాత్రి పదకొండు గంటలకు బయట గాలి కాస్త తెరిపి ఇచ్చినా మేడ మీది గది మాత్రం సెగలు కక్కుతూనే ఉంటుంది. ఏసీ కొనే డబ్బులో కొంత ముందు డాబా మీద పెట్టమని చెప్పాను. రెండు అంగుళాల మందం గల, వేడిని ఆపే ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ పలకలు పరిచి, దాని మీద గచ్చు వేసి, పైన తెల్లని పెంకు ముక్కలు అతికించారు. పడమటి కిటికీకి బయట నీడ పడేలా పందిరి రేకు బిగించారు. దీనితో పైకప్పు వాటా 200 వాట్ల లోపుకు, కిటికీ వాటా 250కి దిగి, గది మొత్తం భారం 1,930 వాట్లకు, అంటే అర టన్ను కంటే కొంచెం ఎక్కువకు వచ్చింది. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మారేది) అక్కడ చాలా సేపు సగం వేగంతోనే నడుస్తుంది. ఇన్వర్టర్ యంత్రం ఖర్చయ్యే కరెంటుకు అన్నిటికంటే ఎక్కువ చల్లదనం ఇచ్చేది ఆ సగం వేగం దగ్గరే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండ వేడిని తాగని పైకప్పు) విధానాన్ని ప్రకటించింది. పైకప్పు చల్లబడకుండా లోపల ఏసీలు పెంచుకుంటూ పోవడం వృథా అన్న ఎరుక ఇప్పుడు ప్రభుత్వాల స్థాయికి చేరింది. ఇళ్లు కట్టించుకునేవారికి అది ఇంకా తగినంతగా చేరలేదు.

అవసరానికి మించిన టన్నేజీ తీసుకుంటే డబ్బు వృథా కావడంతో ఆగదు. పెద్ద యంత్రం గదిని త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమను తీసేంత సేపు నడవదు. విజయవాడలో ఏప్రిల్, మే నెలలది ఎండ బాధ అయితే, ఆగస్టు, సెప్టెంబరు నెలలది ఉక్కపోత బాధ. ఆ రోజుల్లో పెద్ద ఏసీ ఉన్న గది చల్లగా ఉండి కూడా జిగటగా ఉంటుంది, దుప్పటి చెమ్మగా తగులుతుంది.

పిల్లల గదికీ ఇదే పద్ధతిలో ఒక టన్ను వచ్చింది. కింది అంతస్తు పెద్దల గదికి పైన మరో అంతస్తు ఉండటంతో ఎండ భారం లేదు, దానికి 0.8 టన్ను చాలింది. హాలుకు ఒకటిన్నర టన్ను. అన్నీ కలిపి 4.3 టన్నులు. 8.5 టన్నుల ప్రతిపాదనలో సగం. ఈ నాలుగూ ఒకేసారి నడిచే సందర్భం ఇంట్లో శుభకార్యం ఉంటే తప్ప రాదు.

ఫాల్స్ సీలింగ్, ఫ్యాను

ఈ ఇంట్లో నేల నుంచి స్లాబుకు పదడుగుల ఎత్తు ఉంది, దూలాలు అడుగు కిందికి దిగి ఉన్నాయి. దూలాల కింద నుంచి డక్టు నడిపి, దానికి ఉష్ణ నిరోధక పొర చుట్టి, కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే గది ఎత్తు ఎనిమిది అడుగులకు పడిపోతుంది. అప్పుడు సీలింగ్ ఫ్యానుకు చోటు ఉండదు. ఇది చిన్న విషయం కాదు. గాలి ఒంటికి తగులుతూ ఉంటే 27 డిగ్రీల గదిలో కూడా 24 డిగ్రీల సుఖం దొరుకుతుంది. ఏసీ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న ప్రతి రూమ్ ఏసీ 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా నిబంధన తెచ్చింది కూడా ఆ సంస్థే. ఫ్యాను ఉన్న ఇంట్లో 26, 27 దగ్గర ఉంచుకోవడం కష్టం కాదు. ఆ ఫ్యాను తీసేయించే ఏర్పాటు ఎంత ఖరీదైనదైనా నేను సిఫారసు చేయలేను.

పైగా, డక్టు నడిచే చోటు స్లాబుకూ ఫాల్స్ సీలింగ్‌కూ మధ్య ఉండే సందు. పై అంతస్తులో అది ఇంట్లోకెల్లా వేడి చోటు. 14 డిగ్రీల గాలిని ఆ వేడిలోంచి తీసుకుపోవాలి. చల్లబరచని చోట్ల నుంచి డక్టులు వెళ్లినప్పుడు ఇంటిని చల్లబరచడానికయ్యే శక్తిలో 30 శాతానికి పైగా వాటిలోనే నష్టపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అతుకులు గట్టిగా ఉంటే నష్టం తగ్గుతుంది. అయితే ఆ అతుకులను తర్వాత ఎవరూ చూడలేరు. కోస్తా తేమగాలి చల్లని రేకును తాకిన చోట నీరు పడుతుంది, బూజు పుడుతుంది. ఎలుకలు ఫాల్స్ సీలింగ్‌లో కాపురం పెట్టి నిరోధక పొరను కొరికిన ఇళ్లు నేను చూశాను. స్ప్లిట్ ఏసీలో శుభ్రం చేయవలసినవి గది లోపల, చేతికందే ఎత్తులో ఉంటాయి. ఇంట్లో ఎవరైనా సరే పదిహేను రోజులకొకసారి జాలీ తీసి కుళాయి కింద కడిగి పెట్టవచ్చు.

ఒకే అవుట్‌డోరా, నాలుగా

నాలుగు గదులకూ కలిపి ఒకే అవుట్‌డోర్ యూనిట్ ఉండే మల్టీ స్ప్లిట్ పెడితే బయట చోటు కలిసి వస్తుందని కొడుకు అన్నారు. నిజమే, ఫ్లాట్లలో బాల్కనీ ఒక్కటే ఉన్నవారికి నేను దాన్నే సూచిస్తాను. ఇక్కడ వద్దన్నాను. ఆ ఒక్క అవుట్‌డోర్‌లో బోర్డు పోతే మే నెలలో నాలుగు గదులూ ఒకేసారి వేడెక్కుతాయి. మల్టీ స్ప్లిట్ విడిభాగాలు మామూలు స్ప్లిట్ భాగాలంత సులువుగా దొరకవు. విడివిడిగా ఉంటే ఒకటి చెడినా ఇంటిల్లిపాదీ మరో గదిలో ఆ రాత్రి గడపగలరు. ఎండ దెబ్బకు తట్టుకోలేని వయసు వారున్న ఇంట్లో ఈ భరోసా చాలా ముఖ్యమైనది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వృద్ధులున్న ఇంటికి ఏసీని ఆరోగ్య రక్షణ ఏర్పాటుగానే నేను చూస్తాను.

అవుట్‌డోర్ల చోటు నిర్ణయించడానికి ఎక్కువ సమయం పట్టింది. పక్కింటి గోడకూ ఈ ఇంటికీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. మామూలుగా మెకానిక్‌లు నాలుగింటినీ ఆ సందులో గోడకు బిగిస్తారు. అవుట్‌డోర్ నుంచి వచ్చే గాలి బయటి గాలి కంటే పది డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. అది ఎదుటి గోడకు తగిలి తిరిగి అదే యూనిట్‌లోకి వస్తే, 42 డిగ్రీల రోజున యంత్రం 50 డిగ్రీల గాలితో పనిచేయవలసి వస్తుంది. చల్లదనం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, పక్కింటివారి కిటికీలోకి సెగ పోతుంది. అందుకని కింది రెండింటినీ పెరటి వైపు ఖాళీకి ఎదురుగా, పై రెండింటినీ డాబా మీద ఉత్తరపు పిట్టగోడ పక్కన స్టాండ్ల మీద పెట్టించాను. డాబా మీది వాటికి పైన రేకు నీడ ఉంది, నాలుగు వైపులా గాలి ఆడుతుంది.

బిగింపు పని

స్ప్లిట్ ఏసీ నాణ్యతలో సగం కర్మాగారంలో తయారవుతుంది, మిగతా సగం బిగించే రోజున గోడ దగ్గర తయారవుతుంది. చాలామంది యజమానులకు ఈ రెండో సగం గురించి ఎవరూ చెప్పరు. పైపులు బిగించాక లోపలి గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగేయాలి. తొందరలో ఉన్న మెకానిక్ పంపు తీయకుండా, అవుట్‌డోర్‌లోని గ్యాస్‌ను కాస్త వదిలి గాలిని బయటికి తోసేస్తాడు. చల్లదనం ఆ రోజు వస్తుంది. పైపులో మిగిలిన తేమ మాత్రం కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లంగా మారి, మోటారు చుట్టలను ఏళ్ల తరబడి తినేస్తుంది. ఇక్కడ ముందు నైట్రోజన్‌ను 400 పీఎస్ఐ ఒత్తిడితో నింపి ఒక రాత్రంతా ఉంచి, ముల్లు కదలలేదని చూసుకున్నాకే వాక్యూమ్ మొదలుపెట్టించాను. వాక్యూమ్ కొలిచే మీటరులో అంకె 500 మైక్రాన్ల కిందికి దిగి, పంపు ఆపాక కూడా నిలబడితేనే గ్యాస్ వదలనిచ్చాను. పైపుల చివర్లను కలిపే ఫ్లేర్ నట్లను, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచితో బిగించారు. వెళ్లే పైపునూ వచ్చే పైపునూ విడివిడిగా నైట్రైల్ రబ్బరు తొడుగులో ఉంచారు. గోడకు కొట్టే రంధ్రం బయటి వైపుకు వాలుగా ఉండాలి. అది సమంగా ఉన్నా, లోపలికి వాలినా, మొదటి వానాకాలానికే గోడ మీద చారలు పడతాయి.

ఈ యూనిట్లలో వాడే గ్యాస్ ఆర్-32. భూతాపాన్ని పెంచే శక్తి బొగ్గుపులుసు వాయువుకు ఒకటి అనుకుంటే, దీనికి 675, మరో ఏసీ గ్యాస్ ఆర్-410ఎకు 2,088, ఆ ఇంట్లో అప్పటిదాకా ఉన్న పాత కిటికీ ఏసీలోని ఆర్-22కు 1,810. ఆర్-22 ఓజోన్ పొరను కూడా దెబ్బతీస్తుంది. ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి, గ్యాస్ ఉన్న పైపు మీద మంట పెట్టి వెల్డింగ్ చేయనివ్వకూడదని ఇంటివాళ్లకు గట్టిగా చెప్పాను. ఒక టన్ను స్ప్లిట్‌లో గ్యాస్ సాధారణంగా కిలో లోపే ఉంటుంది. లీకు వచ్చినా నష్టం ఆ కొద్ది గ్యాస్‌కే పరిమితం కావడం విడి యూనిట్ల మరో లాభం.

డ్రెయిన్ నీళ్ల సంగతి కూడా ముందే ఆలోచించాం. ఉక్కపోత రోజుల్లో ఒక్కో యూనిట్ నుంచి గంటకు లీటరు దాకా నీరు వస్తుంది. నాలుగు గొట్టాలనూ పెరటి మొక్కల పాదుల్లోకి కలిపాం. ఆ నీటిని బ్యాటరీలో పోయవచ్చా అని అడిగారు. కాయిల్ మీది దుమ్ము, లోహపు కణాలు కలిసి ఉంటాయి కనుక పోయకూడదు.

కరెంటు

ఇంటి పాత వైరింగ్ ఏసీల భారానికి సరిపోదు. బోర్డు నుంచి ప్రతి యూనిట్‌కూ విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (భారం మించితే కరెంటు ఆపే స్విచ్చు) ఇచ్చాం. ఎర్తింగ్ కొత్తగా వేయించాం. డక్టబుల్ యంత్రం పూర్తి భారం మీద పది కిలోవాట్ల దాకా లాగుతుంది, దానికి త్రీ ఫేజ్ తప్పదు. నాలుగు స్ప్లిట్లూ పూర్తి వేగంతో నడిచినా సుమారు 4.5 కిలోవాట్లు. పైగా ఇన్వర్టర్ కంప్రెసర్ నెమ్మదిగా వేగం అందుకుంటుంది కాబట్టి, మొదలైన క్షణంలో దీపాలు మసకబారడం ఉండదు.

యూనిట్లు కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు లేబుల్ మీది ఐఎస్ఈఈఆర్ అంకె (ఏడాది మొత్తం మీద ఖర్చయ్యే కరెంటుకు ఎంత చల్లదనం వస్తుందో చెప్పేది) చూడమని చెప్పాను. 2022 జులైలో అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం స్ప్లిట్ ఏసీకి అయిదు నక్షత్రాలు రావాలంటే ఆ అంకె 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాల్సి ఉండేది, 3.8 నుంచి మూడు నక్షత్రాలు వచ్చేవి. నియమాలు మారినప్పుడు పాత అయిదు నక్షత్రాల సరుకు కొత్త లెక్కలో నాలుగో మూడో అవుతుంది. అంకె మాత్రం మారదు. లేబుల్ మీది ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి, 24 నుంచి 43 డిగ్రీల బయటి ఉష్ణోగ్రతలకు కట్టిన లెక్క. ఒకటిన్నర టన్నుకు అయిదు నక్షత్రాల దానిలో అది సుమారు 750 యూనిట్లు, మూడు నక్షత్రాల దానిలో సుమారు 950 ఉంటుంది. రాత్రంతా నడిచే పడకగదులకు అయిదు నక్షత్రాలవి, అప్పుడప్పుడు వాడే హాలుకు మూడు నక్షత్రాలది తీసుకున్నాం. వాడని యంత్రంలో సామర్థ్యం కొనడం కంటే ఆ డబ్బు డాబా పనికి ఉపయోగపడింది.

ఈ పద్ధతి ఇవ్వనివి

స్ప్లిట్ ఏసీ బయటి తాజా గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే తిప్పుతుంది. తలుపులు బిగించిన గదిలో ముగ్గురు రాత్రంతా పడుకుంటే బొగ్గుపులుసు వాయువు పెరిగి, పొద్దున తల బరువుగా ఉంటుంది. తాజా గాలి గొట్టం కలిపిన డక్టబుల్ వ్యవస్థ ఈ ఒక్క విషయంలో నిస్సందేహంగా మెరుగు. ఇక్కడ పిల్లల గది వెంటిలేటరులో నెమ్మదిగా తిరిగే చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. ఉదయం, సాయంత్రం కిటికీలు తెరవడం అలవాటు చేసుకోమన్నాను. జాలీలు పెద్ద దుమ్మునే ఆపుతాయి, సన్నని ధూళిని ఆపవు. ఆస్తమా ఉన్నవారికి ఏసీయే గాలిని శుద్ధి చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. గోడ మీద యూనిట్ కనిపిస్తుంది. దాన్ని అల్మారాలో దాచి ముందు జాలీ పెట్టాలన్న డిజైనర్ ఆలోచనకు నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే బయటికి వచ్చిన చల్లని గాలే మళ్లీ లోపలికి పోయి, గది చల్లబడకుండానే యంత్రం చల్లబడిందనుకుని వేగం తగ్గిస్తుంది.

ఇన్వర్టర్ బోర్డులు ఖరీదైనవి. మన దగ్గర వాటికి పెద్ద శత్రువు బల్లి. అవుట్‌డోర్‌లోకి దూరి బోర్డు మీద పాకితే షార్ట్ సర్క్యూట్ అయి రెండూ పోతాయి. తీగలు, పైపులు లోపలికి వెళ్లే ప్రతి సందునూ పుట్టీతో మూయించాను. ఏటా మార్చి నెల మొదట్లో సర్వీసింగ్ చేయించేటప్పుడు దీన్ని మళ్లీ చూసుకోవాలి.

వేసవి నడిమధ్యలో వెళ్లి చూసినప్పుడు పెద్దల గది ఏసీ 27 మీద, ఫ్యాను రెండో నంబరు మీద ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికి ఏసీ దానంతటదే ఆగేలా టైమరు పెట్టుకున్నామని పెద్దాయన చెప్పారు. పిల్లలు మొదట 20 దగ్గర పెట్టుకుని, స్లాబు వేడి లేకపోవడంతో చలేసి, తామే 25కు పెంచుకున్నారు. హాలు ఏసీ ఆపి ఉంది. ఇప్పుడు డాబా మీద ఒక గది వేసుకోవాలనుకుంటున్నారు. దానికి అయిదో యూనిట్ విడిగా పెట్టవచ్చు, ఉన్న నాలుగింటి పైపులనూ తీగలనూ ముట్టుకోనక్కరలేదు. ఆ గది కప్పుకు కూడా స్లాబు వేసిన నెలలోనే పలకలు పరిచి తెల్ల పెంకు వేయించమని, ఏసీ ఎంత కావాలో ఆ తర్వాతే లెక్క కడతానని చెప్పి వచ్చాను.